ఏ అతుకునకు ఏ మందు?

మన ఇళ్ళలో నీటి గొట్టం ఎక్కడ కారినా ముందుగా వినిపించే సలహా ఒక్కటే: "కాస్త ఎం-సీల్ పెట్టించండి, ఆగిపోతుంది." కుళాయి మొదట్లో కారినా అదే, టాంకు అడుగున చెమ్మగిల్లినా అదే, వాష్‌బేసిన్ కింద బక్కెటు పెట్టుకోవలసి వచ్చినా అదే. జ్వరానికీ, కాలు బెణికినదానికీ, కళ్ళు ఎర్రబడినదానికీ ఒకే మాత్ర ఇచ్చే వైద్యుని వద్దకు మనం రెండోసారి వెళ్ళము. గొట్టాల విషయంలో మాత్రం అటువంటి వైద్యాన్నే ఏళ్ళ తరబడి చేయించుకుంటున్నాము.

ఈ నెల ఈ అంశాన్ని ఎంచుకోవడానికి ఒక సోదరి రాసిన ఉత్తరం కారణం. వారి కుటుంబం ఒక అపార్టుమెంటులో రెండవ అంతస్తులో నివసిస్తోంది. స్నానాల గదిలో గోడకు బిగించిన కుళాయి మొదట్లో నీరు ఊరుతోంది. ఏడాదిలో మూడుసార్లు మరమ్మతు చేయించారు. ప్రతిసారీ కొన్ని వారాలు బాగానే ఉండి మళ్ళీ మొదలవుతోంది. ఈలోగా కింది ఇంటివారి పైకప్పు చెమ్మ పట్టి పెచ్చులు రాలసాగాయి. రెండు కుటుంబాల మధ్య మాటలు తగ్గిపోయాయి. "మేము ఖర్చు పెడుతూనే ఉన్నాము కదా, ఇంకా మా మీద బాధ్యత ఉంటుందా?" అన్నది ఆ సోదరి ప్రశ్న. బాధ్యత విషయం తరువాత చూద్దాము. మూడుసార్లు చేసిన మరమ్మతు మూడుసార్లూ ఎందుకు విఫలమయిందన్నది ముందుగా తెలియాలి.

సెకనుకు ఒక చుక్క చొప్పున కారే కుళాయి రోజుకు 86,400 చుక్కలు వదులుతుంది. మిల్లీలీటరుకు ఇరవై చుక్కలని లెక్కించినా అది నాలుగు లీటర్లకు పైమాటే. దైవప్రవక్త ముహమ్మద్ (స) ఒక ముద్ద్ నీటితో వుజూ చేసేవారని హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖనం బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. ముద్ద్ కొలత విషయంలో పండితుల లెక్కలలో కొంత తేడా ఉన్నా అది దాదాపు ఒక లీటరు లోపే ఉంటుంది. అంటే, మనం "చిన్న కారుడే కదా" అని వదిలేసిన కుళాయి ప్రతి రోజూ నలుగురి వుజూకు సరిపోయే నీటిని మోరీలో కలుపుతోందన్న మాట.

నీటి నష్టం ఒక్కటే అయితే ఇంత రాయవలసిన పని లేదు. మన పట్టణాలలో కుళాయి నీరు రోజంతా రాదు. నీరు వచ్చేటప్పుడు గొట్టంలో ఒత్తిడి ఉంటుంది. సరఫరా ఆగిపోగానే ఆ ఒత్తిడి పడిపోయి, ఒక్కోసారి గొట్టం లోపలికి పీల్చుకోవడం మొదలుపెడుతుంది. ఒత్తిడి ఉన్నప్పుడు బయటికి కారే అతుకే, ఒత్తిడి లేనప్పుడు చుట్టూ ఉన్న చెమ్మను లోపలికి లాగుతుంది. ఆ చెమ్మ పక్కనే ఉన్న మురుగు గొట్టానిదైతే టైఫాయిడ్, కామెర్లు, అతిసారం వంటి వ్యాధులకు మన చేతులతో మనమే దారి వేసినట్లు. తహారత్‌ను విశ్వాసంలో భాగంగా భావించే ఇంట్లో, భూమిలోని సంపు పక్కన కారుతున్న అతుకును చూసీ చూడనట్లు వదిలివేయడం ఎట్లా కుదురుతుంది?

ఇక అసలు విషయానికి వద్దాము. ఏ పూత వాడాలన్నది ఆ అతుకు నీటిని ఏ విధంగా ఆపుతున్నదన్న దానిపై ఆధారపడి ఉంటుంది. కొన్ని అతుకులు మర బిగింపుతో నీటిని ఆపుతాయి. కొన్ని కరిగి ఒకటిగా కలిసిపోయి ఆపుతాయి. కొన్ని రబ్బరును నొక్కి ఆపుతాయి. మరికొన్ని అసలు ఒత్తిడినే మోయవు, అంచున సందు కప్పి ఉంచితే చాలు. ఈ నాలుగింటిలో ఒకదాని మందు మరొకదానికి పనికిరాదు.

మర అతుకుల విషయంలోనే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. గొట్టం మీద కోసే మర సాధారణంగా కొనవైపు సన్నగా, వెనుకకు పోయే కొద్దీ లావుగా ఉంటుంది. బిగించే కొద్దీ మేకులా ఇరుక్కుంటుంది. అయితే ఆ మర చుట్ల మధ్య సన్నని మెలికల దారి ఒకటి మిగిలే ఉంటుంది. తెల్లని టెఫ్లాన్ టేపు పని ఆ దారిని నింపడం, బిగించేటప్పుడు మర సులువుగా తిరిగేటట్లు చేయడం. అంతేగాని అది జిగురు కాదు. టేపును బయటి మర మీదనే చుట్టాలి. మర కొనను మన వైపు పెట్టుకుని గడియారపు ముల్లు తిరిగే దిశలో, కాస్త లాగి పట్టి చుట్టాలి. ఎదురు దిశలో చుడితే బిగించేటప్పుడు టేపు ఊడి ముద్దయిపోతుంది. మొదటి చుట్టును ఖాళీగా వదిలితే టేపు ముక్కలు గొట్టంలోకి జారి కుళాయి జాలీలో చేరవు. బజారులో దొరికే పల్చని టేపైతే అర అంగుళపు మరకు ఎనిమిది, పది చుట్లు అవసరమవుతాయి. మందపు టేపైతే అందులో సగం చాలు. బిగించిన తరువాత కుళాయి ముఖం వంకరగా ఉందని వెనుకకు తిప్పడం చాలామందికి అలవాటు. వెనుకకు తిప్పిన క్షణంలోనే ఆ టేపు పని ముగిసింది. విప్పి, పాత టేపును పూర్తిగా తీసి, కొత్తగా చుట్టవలసిందే.

పాతకాలపు జీఐ గొట్టాలకు మేస్త్రీలు జనపనార చుట్టి దానిపై సఫేదా పూసేవారు. ఆ నార నీటిని పీల్చి ఉబ్బి సందును మూస్తుంది. తుప్పు తిని అరిగిన ఇనుప మరల మీద నేటికీ టేపు కన్నా నారే మెరుగన్న మేస్త్రీల మాటలో నిజం ఉంది. సమస్య సఫేదాతో. అసలు సఫేదా అంటే అవిసె నూనెలో కలిపిన సీసపు తెల్లపొడి. సీసం శరీరంలో చేరితే, ముఖ్యంగా చిన్నపిల్లల మెదడు ఎదుగుదలకు హాని కలుగుతుంది. నేడు అదే పేరుతో జింకు పొడి కూడా అమ్ముతున్నారు, కానీ డబ్బా మీద ఏముందో చదవకుండా మంచినీటి గొట్టానికి పూయనివ్వకండి. మంచినీటికి తగినదని స్పష్టంగా రాసి ఉన్న పేస్టునే అడగాలి.

ఇనుము మీద మేలు చేసే నారే ప్లాస్టిక్ మీద కీడు చేస్తుంది. సీపీవీసీ ఎల్బో లోపలి మరలో నార కుక్కి పానాతో బిగిస్తే, తడిసిన నార ఉబ్బి ఆ ఎల్బోను లోపలి నుండి చీలుస్తుంది. ఆ చీలిక వెంట్రుక మందాన ఉంటుంది, కంటికి కనిపించదు. పైగా నూనె కలిసిన పేస్టులలో కొన్ని సీపీవీసీని క్రమంగా పెళుసుబారజేస్తాయి. ఆ సోదరి ఉత్తరంలో ఒక వాక్యం ఉంది: మూడుసార్లూ "నార బాగా దట్టించి, పైన తెల్ల సిమెంటు పెట్టి" బిగించారట. గోడలోని ఎల్బో చీలి ఉండడానికే అవకాశం ఎక్కువ. చీలిన ఎల్బోలో ఎంత నార దట్టిస్తే చీలిక అంత వెడల్పవుతుంది. ప్రతి మరమ్మతు తరువాత కొద్దికాలం ఆగి మళ్ళీ కారడానికి కారణం ఇదే కావచ్చు. దీనికి పరిష్కారం పూతలో లేదు. టైలు పగలగొట్టి ఆ ఎల్బోను కోసివేసి, లోపల ఇత్తడి మర ఉన్న ఎల్బోను అతికించి, కుళాయికి టేపు మాత్రమే చుట్టి బిగించాలి. ఒక రోజంతా ఆగి, నీరు వదిలి, ఒత్తిడి మీద పరీక్షించిన తరువాతనే టైలు మూయాలి. ఈ చివరి మాట మేస్త్రీకి రుచించదు, ఎందుకంటే మరుసటి రోజు మళ్ళీ రావలసి ఉంటుంది. ముందే మాట్లాడుకుని ఆ రెండో రోజుకు కూడా కూలి ఇవ్వడం న్యాయం.

రెండవ రకం అతికించే గొట్టాలు. సాల్వెంటు సిమెంటును అందరూ జిగురు అంటారు గానీ అది జిగురు కాదు. అది గొట్టం పైపొరను, సాకెట్టు లోపలి పొరను కరిగిస్తుంది. రెండూ మెత్తబడి కలిసి, ద్రావకం ఆవిరైపోయాక ఒకే ప్లాస్టిక్ ముక్కగా మారతాయి. అందువల్లనే యూపీవీసీకి యూపీవీసీ సిమెంటు, సీపీవీసీకి సీపీవీసీ సిమెంటు విడివిడిగా ఉంటాయి. వేడినీరు పోయే సీపీవీసీ గొట్టానికి చవకగా వస్తుందని మామూలు సిమెంటు పూస్తే, చల్లని నీటికి నెట్టుకొచ్చినా గీజరు వేడికి ఆ అతుకు వదిలివేస్తుంది. గొట్టాన్ని అడ్డంగా సమంగా కోయాలి. కోసిన అంచు నూగును తీసివేయాలి. తడి, మట్టి లేకుండా తుడవాలి. సాకెట్టు లోపల పల్చగా, గొట్టం మీద కాస్త చిక్కగా పూసి, లోపలికి తోస్తూ పావు చుట్టు తిప్పి, అర నిమిషం కదలకుండా పట్టుకోవాలి. వెంటనే వదిలితే గొట్టం కొద్దిగా వెనుకకు జారుతుంది. పూసే సమయంలో గొట్టంలో నుండి ఒక్క నీటి చుక్క జారినా ఆ అతుకు చెడుతుంది, కనుక ముందుగా వాల్వు మూసి గొట్టాన్ని పూర్తిగా ఖాళీ చేయాలి. డబ్బాలోని సిమెంటు జున్నులా గట్టిపడి ఉంటే దానిలో ఏదో కలిపి పల్చన చేయడం వృథా, పారవేయాలి. గదిలో గాలి ఆడాలి. ఆ వాయువు పీల్చడం మంచిది కాదు, పైగా నిప్పు అంటుకునే గుణం కలది. బీడీ వెలిగించిన చేతితో ఈ పని చేయనివ్వకండి.

ఈ రకం అతుకు కారితే పైనుండి మళ్ళీ సిమెంటు పూయడం సర్వసాధారణంగా చూస్తాము. దానివల్ల ఏ ప్రయోజనమూ లేదు. అతుకు బలం లోపల ఉన్నదే గాని పైన లేదు. కోసివేసి, కొత్త కప్లరు వేయవలసిందే.

రబ్బరు వాషరుతో ఆగే అతుకుల సంగతి కొద్దిలో చెప్పవచ్చు. యాంగిల్ కాక్ నుండి కమోడ్ టాంకుకూ, వాష్‌బేసిన్‌కూ వెళ్ళే కనెక్షన్ పైపు, ఇస్తింజా కొరకు మన ఇళ్ళలో తప్పనిసరిగా ఉండే జెట్ స్ప్రే గొట్టం, బాటిల్ ట్రాపు, ఓవర్‌హెడ్ టాంకుకు రంధ్రం చేసి బిగించే నిప్పల్, ఇవన్నీ ఈ కోవలోనివే. వీటిలో మర పని కేవలం వాషరును నొక్కి పట్టడం. మర మీద గజం టేపు చుట్టినా వాషరు ఎండిపోయి ఉంటే నీరు కారుతూనే ఉంటుంది. కొన్ని రూపాయల వాషరు మార్చి, చేతితో బిగించి, పానాతో మరో పావు చుట్టు తిప్పితే చాలు. అంతకు మించి బిగిస్తే వాషరు నలిగిపోతుంది, ప్లాస్టిక్ నట్టు పగులుతుంది. జెట్ స్ప్రే విషయంలో మరొక మాట. వాడిన తరువాత గోడ దగ్గరి యాంగిల్ కాక్‌ను మూసే అలవాటు పిల్లలకు కూడా నేర్పండి. స్ప్రే గొట్టం రోజంతా ఒత్తిడిని మోయడానికి చేసినది కాదు. ఇంట్లో ఎవరూ లేని సమయంలో అది పగిలితే ఇల్లంతా చెరువవుతుంది.

మురుగు గొట్టాలకు రబ్బరు రింగు ఉన్న సాకెట్లు వస్తాయి. రింగు గాడిలో సరిగా కూర్చుందో లేదో చూసి, గొట్టం కొనకు సబ్బునీరు పూసి తోయాలి. చేతికందిన కిరోసినో, గ్రీజో పూస్తే రబ్బరు ఉబ్బి పాడవుతుంది. గొట్టాన్ని చివరిదాకా తోసి, తిరిగి సుమారు 10 మిల్లీమీటర్లు వెనుకకు లాగాలి. ఎండకు గొట్టం సాగినప్పుడు ఆ ఖాళీ అవసరం. రింగు వేయవలసిన చోట రింగు మిగుల్చుకుని సిమెంటు పూసి పని ముగించే మేస్త్రీలున్నారు. నిలబడి చేయించుకోవలసిన పని ఇది.

ఇక సిలికాన్. వాష్‌బేసిన్ గోడను తాకే చోట, వంటింటి సింకు గ్రానైటు రాతిలో కూర్చునే అంచున, కమోడ్ చుట్టూ నేల మీద ఇది తగినది. ఒత్తిడి ఉన్న గొట్టానికి పైన ఎంత పూసినా అది ఆపలేదు. సిలికాన్‌లో రెండు రకాలున్నాయి. వెనిగరు వాసన వచ్చేది చవక, గాజుకూ టైలుకూ బాగుంటుంది, కానీ పాలరాతిపై మరక వేస్తుంది, ఇత్తడినీ జింకు పూత ఉన్న ఇనుమునూ తింటుంది. అక్కడ న్యూట్రల్ అని రాసి ఉన్నదే అడగాలి. స్నానాల గదికి బూజు పట్టని రకం వేరుగా దొరుకుతుంది. పాత సిలికాన్ మీద కొత్త సిలికాన్ అంటుకోదు. మొత్తం గీకివేసి, ఆరబెట్టి పూయాలి. ఒక రోజంతా నీరు తగలనీయరాదు. ఒకే స్నానాల గది ఉన్న ఇంట్లో ఇది కష్టమే, కనుక ఇషా నమాజు తరువాత పూయించుకోవడం సులువు.

అయితే ఎం-సీల్ వంటి ముద్దలు దేనికీ పనికిరావా? వస్తాయి. రెండు ముద్దలను సమానంగా తీసుకుని రంగు ఒకటయ్యేవరకు పిసికి, పొడి చేసి గరుకు చేసిన చోట అద్దితే రాయిలా గట్టిపడుతుంది. ఇనుప గొట్టానికి పడిన చిన్న రంధ్రాన్ని మేస్త్రీ వచ్చేవరకు ఆపుతుంది. కానీ అది వంగదు, సాగదు. వేడికీ చలికీ కదిలే ప్లాస్టిక్ గొట్టం నుండి కొంతకాలానికి పెచ్చులా ఊడి వస్తుంది. కారుతున్న నీటి మీద అద్దితే అసలే అంటుకోదు. దానిని కట్టుగా వాడుకోండి, చికిత్సగా కాదు.

ఒక చోట మాత్రం ఏ పూతా పూయకూడదు. గీజరుకు చల్లనీరు వచ్చే గొట్టం మీద చిన్న భద్రతా వాల్వు ఒకటి ఉంటుంది. నీరు వేడెక్కినప్పుడు వ్యాకోచిస్తుంది. టాంకులో పెరిగిన ఒత్తిడిని ఆ వాల్వు కొన్ని చుక్కలుగా బయటకు వదులుతుంది. వేడెక్కే సమయంలో అక్కడ నుండి చుక్కలు పడడం లోపం కాదు, అది తన పని తాను చేస్తున్నదని గుర్తు. ఆ చుక్కలు చూసి ముద్ద పెట్టి మూసివేసినా, బిరడా బిగించినా, గీజరు టాంకు పగిలే ప్రమాదాన్ని ఇంట్లోకి తెచ్చుకున్నట్లే. గీజరు ఆపి ఉన్నప్పుడు కూడా ఆగకుండా ధారగా కారుతుంటే వాల్వును మార్పించండి, మూయించకండి. అదే విధంగా వంటగ్యాసు గొట్టానికి నీటి టేపు, ముద్దలు, సిలికాన్ ఏవీ వాడరాదు. వాసన వస్తే స్విచ్చులు ముట్టుకోకుండా సిలిండరు రెగ్యులేటరు మూసి, తలుపులు తెరిచి, బయటకు వచ్చి 1906 నంబరుకు ఫోన్ చేయాలి.

ఇంటి పని స్వయంగా చేసుకునే సోదరులు ఒక విషయం గమనించాలి. ఈ సిమెంటు, సిలికాన్, ముద్దలు చేతివేళ్ళకు అంటి ఆరిపోతే చర్మానికీ నీటికీ మధ్య పొరగా నిలుస్తాయి. వుజూలో కడగవలసిన చోటికి నీరు చేరకుండా అడ్డుపడే పొరను తొలగించడం అవసరమని ఫిఖ్హ్ పండితులు చెబుతారు. పల్చని రబ్బరు తొడుగులు వేసుకుని పని మొదలుపెడితే ఈ చిక్కు ఉండదు. తొడుగు లేకపోతే, సిలికాన్ ఆరక ముందే పొడిగుడ్డతో తుడిచి, తరువాత సబ్బు వాడాలి. నీరు తగిలితే అది మరింత పరుచుకుంటుంది. చర్మాన్ని గాయపరచకుండా తీయలేనంతగా అంటుకుపోతే ఏమి చేయాలన్నది మీకు అందుబాటులో ఉన్న ఆలిమ్‌ను అడగండి.

ఇప్పుడు ఆ సోదరి ప్రశ్న. ఫత్వా ఇవ్వడం ఈ శీర్షిక పని కాదు. అయినా పొరుగువారి హక్కుల గురించి జిబ్రీల్ (అలై) ఎంతగా నొక్కి చెబుతూ వచ్చారంటే, పొరుగువారిని వారసులుగా కూడా చేస్తారేమోనని తనకు అనిపించిందని దైవప్రవక్త (స) సెలవిచ్చిన సంగతి మనకు తెలిసిందే. మనం పెట్టిన ఖర్చుతో పొరుగువారి పైకప్పు ఆరదు. నీరు ఆగేవరకు హాని కొనసాగుతున్నట్లే. అద్దె ఇల్లయితే గోడ పగలగొట్టించే ఖర్చు యజమానిది కావచ్చు, కానీ ఆయనకు రాతపూర్వకంగా తెలియజేసి, వెంటపడి చేయించడం మాత్రం అందులో నివసించే వారి పనే.

మేస్త్రీని పిలిచే ముందు ఒక పరీక్ష చేయండి. రాత్రి పడుకునే ముందు మీ ఇంటికి నీరు వచ్చే ప్రధాన వాల్వును మూసివేసి, ఉదయం కింది పైకప్పు చెమ్మను చూడండి. ఇట్లా రెండు మూడు రోజులు చేయండి. వాల్వు మూసినప్పుడు చెమ్మ తగ్గి, తెరిచినప్పుడు పెరిగితే కారేది ఒత్తిడి గొట్టం, బహుశా ఆ ఎల్బో. వాల్వుతో సంబంధం లేకుండా, ఎవరైనా స్నానం చేసిన తరువాతనే చెమ్మ పెరుగుతుంటే లోపం నహానీ ట్రాపులోనో, టైళ్ళ సందులలోనో ఉంది. అప్పుడు కుళాయి దగ్గర గోడ పగలగొట్టవలసిన పనే లేదు. ఈ పరీక్షకు కింది ఇంటివారి సహకారం కావాలి, ఎందుకంటే పైకప్పు వారి ఇంట్లో ఉంది. కనుక మీరే ముందుగా కిందికి వెళ్ళి, మరమ్మతు ఏ రోజున చేయిస్తున్నారో చెప్పి, ఆ రెండు మూడు ఉదయాలు పైకప్పును ఒకసారి చూసి చెప్పమని అడగండి. నీరు ఆగిన తరువాత పైకప్పు పూర్తిగా ఆరడానికి వారాలు పట్టవచ్చు. ఆరిన తరువాతనే వారి పైకప్పుకు సున్నం వేయించండి, ఆ ఖర్చు ఎవరు భరించాలో కూడా అదే రోజున మాట్లాడుకోండి.